తూర్పు పాయ లోతు

లాంచీ శాంతమ్మ. సరంగు: మరిడమ్మ. లంగరు వేసిన చోటు: గువ్వలలంక పడమటి రేవు, తూర్పుగట్టు రాష్ట్రం.

పుట 211. మంగళవారం, ఓట్ల రోజు
పడమటి పాయ: మూడు బారల మీద జానెడు. తూర్పు పాయ: మోకాలిబంటి. గాలి లేదు. సాక్షి: పాలావిడ వేలిముద్ర.

పొద్దున్నే పైకప్పెక్కి సౌర పలకలు కడిగాను. ఇంత గోదావరిలో నీటికాకులకు కూర్చోవడానికి మా లాంచీ తప్ప ఇంకేమీ దొరకదు. డాక్టర్ జుబేదాగారు చీపురు పట్టుకుని తనూ ఎక్కబోయారు, వద్దన్నాను. ఆవిడ కడిగిన పలకను నేను మళ్లీ కడగాలి. ఆవిడ చేతులు కింద గదిలో మనుషులకు కావాలి, కాకిరెట్టలకు నా చేతులు చాలు.

ఈ లాంచీ ఒక ఆస్పత్రి. జ్వరాలకూ కాన్పులకూ వస్తారు. అబార్షన్లకు ఎక్కువగా వస్తారు. ఆ పనికి ఏ గట్టు చట్టం ఒప్పుకుంటే ఆ గట్టునే ఉంటాం. ప్రభుత్వం మారితే లంగరెత్తి అవతలికి పోతాం. నా చేతుల మీద ఇప్పటికి తొమ్మిదిసార్లు నది దాటించాను. వెనకటికి ఐదేళ్లకోసారి ఓట్లుండేవట. మణికట్టుకు పట్టీలు వచ్చాక బొటనవేలితో నొక్కితే ఓటు పడిపోతోంది కాబట్టి నాలుగు వందల రోజులకోసారి పెడుతున్నారు. నేను అరటికాయ వేపుడు కలుపుతూ వేశాను. ఎవరికో ఈ పుస్తకంలో రాయను.

పదింటికి ధనకొండ వచ్చింది, వెనకాల కోడలు లోవరాణి. ధనకొండది ఈ లంకే. వలేసి, చేపలమ్మి కొడుకును పెంచింది. ఆ కొడుకు సముద్రంలో గాలిమరల దగ్గర పని చేస్తాడు, మూడు నెలలకోసారి ఇంటికొస్తాడు. ఆవిడకూ నాకూ ఇరవై ఏళ్ల స్నేహం, అందులో పద్దెనిమిదేళ్లు పోట్లాట. ఇవాళ మెడలో పార గుర్తు కండువా వేసుకుని వచ్చింది.

“ఓటేశావా సరంగమ్మా?”

“ఏశాను. ఎవరికని అడక్కు.”

“అడగను. నీ మొఖం సూత్తే తెలుత్తానే ఉంది. మేవిద్దరం పారకేశాం. మా లంకకి గట్టు కట్టేది ఆల్లే.”

ఇరవై రెండేళ్ల కిందటి వరదలో ఆవిడ ఇల్లూ పెనిమిటీ ఒకేరోజు పోయారు. అప్పటినుంచి లంక చుట్టూ గట్టు కావాలని అడగని మనిషి లేడు, ఎక్కని మెట్టు లేదు. పార గుర్తు వాళ్లు ఈసారి తమ నలభై హామీల్లో మూడోదిగా గువ్వలలంక గట్టును పేరుతో సహా పెట్టారు. ఆ కాగితాన్ని ఆవిడ ఇంట్లో దేవుడి పటం పక్కన అంటించింది.

మాటల మధ్యలో కోడలి చేతి మీద కొంగు తీసింది. పట్టీ పసుపు రంగులో వెలుగుతోంది. అంటే కడుపుతో ఉంది.

“మూడోది. రెండో కాన్పుకి దీని గుండె ఉబ్బిపోయిందని నీకు తెలుసుగా. మళ్లీ కడుపొత్తే బతకదని అప్పుడే సెప్పేరు,” అంది ధనకొండ. గొంతు గట్టిగానే ఉంది కానీ కండువా కొసను వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి చేస్తోంది.

డాక్టరమ్మ లోవరాణిని పరీక్ష చేశారు. పదమూడు వారాలు. జ్వరం నూట రెండు. “జ్వరం తగ్గేదాకా మందు వేయను. ఆ గుండె రెండు బరువులు ఒకేసారి మోయలేదు,” అన్నారు. లోవరాణిని లోపలి గదిలో పడుకోబెట్టాం.

“ఇన్నాళ్లేం చేశావమ్మా?” అని అడిగాను. ఆ పిల్ల నవ్వింది. “నెల్లాళ్లు ఆలోసించాను పిన్నీ. మొగపిల్లాడేమోనని కాదు. ఎవరైనా పిల్లే గదా అని. తరవాత నా ఇద్దర్నీ సూసుకుని తేల్సుకున్నాను.”

పుట 212. బుధవారం
పడమటి పాయ: మూడు బారల మీద బెత్తెడు. తూర్పు పాయ: మోకాలిబంటి. సాక్షి: ధనకొండ వేలిముద్ర.

ఒప్పందం ప్రకారం రెండు రాష్ట్రాలకూ సరిహద్దు నదిలో అన్నిటికన్నా లోతైన చోటు. నది జరిగితే సరిహద్దూ జరుగుతుంది. యంత్రాలకు ఎవరైనా ఏమైనా నేర్పించవచ్చని, యంత్రం లెక్క చెల్లదన్నారు. లైసెన్సున్న సరంగు ప్రతి ఉదయం గుండు కట్టిన తాడు నీళ్లలో వదిలి, రెండు చేతులు చాచినంత బారకో ముడి చొప్పున లెక్కపెట్టి, తాడు పట్టుకున్న సాక్షి చేత వేలిముద్ర వేయించి, ఆ పుట రేవులో ఉన్న మాట్లాడే పెట్టెకు చూపించాలి. ఆ పెట్టె ఏం ఒప్పుకుంటే రెండు ప్రభుత్వాలూ అదే ఒప్పుకోవాలి. ఇరవై మూడేళ్లుగా ఏడాదికో పుస్తకం నింపుతున్నాను, ఒక్క అబద్ధం రాయలేదు. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువేనని డాక్టరమ్మ అంటారు. ఉండకూడదా మరి?

ఇవాళ తాడు పైకి లాగుతుంటే డాక్టరమ్మ వచ్చి నిలబడ్డారు. “పోయినేడు ఇక్కడే అయిదు బారలు రాశారు కదా మరిడమ్మగారూ. నీళ్లన్నీ ఎక్కడికి పోతున్నాయి?”

“ఎండలండి. ఆవిరైపోతన్నాయి,” అన్నాను.

తాడు కొస పట్టుకున్న ధనకొండ నదికేసి చూస్తూ ఉండిపోయింది. ఎప్పుడూ నా మాటకు అడ్డు తగలకుండా ఉండే మనిషి కాదు.

మధ్యాహ్నం వంటగదిలో యుద్ధం. నా పొయ్యి మీద చింతచిగురు వేసి చేపల పులుసు పెట్టింది. ఆస్పత్రిలో ఈ వాసనేమిటని నేను. వాసన లేకపోతే జ్వరమొచ్చిన పిల్లకు నోరెలా ఊరుతుందని ఆవిడ. డాక్టరమ్మ తీర్పు చెప్పడానికి వచ్చి రెండు ముద్దలు తిని తీర్పు మరిచిపోయారు. లోవరాణి మూడు రోజుల తరవాత కడుపునిండా తిన్నది, కాబట్టి నేనే ఓడిపోయానని రాసుకుంటున్నాను. తిన్నాక ధనకొండ గుమ్మంలో కూర్చుని వల బాగు చేసుకుంది. పాత వలకు కింద ఇంకో వల కలిపి కుడుతోంది. “ఇంత లోతు వల ఎందుకు, తిమింగలం పడుతుందా?” అని ఎగతాళి చేశాను. సూది ఆపకుండానే “నీ పని నువ్వు సూసుకో,” అంది.

సాయంత్రానికి జ్వరం నూరు. రేపు లెక్కింపు. తొందరేమీ లేదు. లెక్కింపు అయ్యాక ప్రమాణస్వీకారానికి ఎప్పుడూ వారం పది రోజులు పడుతుంది. పాత చట్టం అప్పటిదాకా ఉంటుంది.

పుట 213. గురువారం, లెక్కింపు
పడమటి పాయ: మూడు బారలు. తూర్పు పాయ: మోకాలిబంటి. సాక్షి: పాలావిడ.

తొమ్మిదింటికి లెక్కింపు మొదలైంది, తొమ్మిదిన్నరకు అయిపోయింది. తూర్పుగట్టులో పార గుర్తు గెలిచింది. రేవు పెట్టె పాటలు మొదలుపెట్టింది. లంకలో ఆడవాళ్లు పసుపు నీళ్లు చల్లుకున్నారు. ధనకొండ బెల్లం జీళ్ల పొట్లం పట్టుకుని లాంచీ ఎక్కింది. “ఇంకేటి! గట్టొచ్చేసినట్టే!” అని నా నోట్లో జీడి కుక్కింది. నాకూ సంతోషమే వేసింది. ఇరవై రెండేళ్లు ఒక్కదాని కోసమే తిరిగిన మనిషి మొఖం అలా వెలుగుతుంటే ఎవరికైనా సంతోషమే కదా.

డాక్టరమ్మ మాత్రం జీడి చేతిలోనే పట్టుకుని, పార గుర్తు వాళ్లు లాంచీ గోడకూ అంటించిపోయిన హామీల కాగితం దగ్గరకు వెళ్లారు.

“ధనకొండా, ముప్పయ్యొకటోది చదివావా?”

“మూడోది సదివేను. మిగతాయి ఎవరు సదూతారండి?”

డాక్టరమ్మ చదివి వినిపించారు. కడుపులో పడిన ప్రతి బిడ్డకూ రాష్ట్రమే రక్ష.

“మంచిదేగా. పిల్లల్ని కాపాడతారంట,” అంది ధనకొండ.

“ఆ మాట లోవరాణి మీదే రాశారు. కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసిన నిమిషం నుంచి ఈ గట్టున అబార్షన్ నేరం. ప్రాణం మీదికొస్తే ముగ్గురు డాక్టర్ల బోర్డుకు అర్జీ పెట్టుకోవాలి. ఆ బోర్డు నెలకోసారి కూర్చుంటుంది. మరి ఈ పిల్ల గుండె నెలకోసారి కొట్టుకోదు కదా.”

ధనకొండ మెల్లగా బల్ల మీద కూర్చుంది. పొట్లంలో జీళ్లు అలాగే ఉన్నాయి.

“నేనూ పారకే ఏశాను డాక్టరమ్మగారూ. తెలిసే ఏశాననుకోండి, కడుపుతో ఉన్నానని. నాకు గట్టే గుర్తొచ్చింది,” అంది లోపలినుంచి లోవరాణి. “పోయిన వరదకి ఇద్దరు పిల్లల్నీ సెరో సంకనా ఎట్టుకుని సెట్టెక్కింది నేనే గదా.”

ఆ పిల్లను తిట్టడానికి నాకు మనసు రాలేదు. గట్టు కావాలనుకోవడం తప్పెలా అవుతుంది? ఒక్క బొటనవేలితో నలభై హామీలకూ కలిపి నొక్కించుకుంటున్నారు, అదీ సంగతి.

సరిహద్దు మూసేశారు. లెక్కింపు నుంచి ప్రమాణం అయ్యేదాకా ఏ లాంచీ దాటకూడదని నియమం. ఆ తరవాత దాటవచ్చు కానీ, పసుపు పట్టీ ఉన్న తూర్పుగట్టు ఆడమనిషి లాంచీలో ఉంటే పట్టీయే కేకలు పెట్టి పోలీసు పడవను పిలుస్తుంది. అందుకే ఈ మధ్య దొరికే వారం రోజుల్లో పని ముగించుకుని, ఖాళీ లాంచీతో అవతలికి పోవడం మాకు అలవాటు.

జ్వరం తొంభై తొమ్మిది.

పుట 214. శుక్రవారం
పడమటి పాయ: మూడు బారలకు నాలుగు వేళ్లు తక్కువ. తూర్పు పాయ: మోకాలిబంటి. సాక్షి: పాలావిడ.

జ్వరం లేదు. ఉదయం తొమ్మిదింటికి డాక్టరమ్మ లోవరాణికి మొదటి మాత్ర ఇచ్చారు. రెండోది నలభై ఎనిమిది గంటల తరవాత, అంటే ఆదివారం తొమ్మిదింటికి. అప్పుడు అసలు పని మొదలవుతుంది, రోజంతా పడుతుంది. రక్తం ఆగేదాకా, గుండె నిలకడగా ఉందని తేలేదాకా ఆవిడ కళ్లముందే ఉండాలి. అంతా కుదిరిందనుకుని దుప్పట్లు ఉతికి ఆరేశాను.

పన్నెండింటికి రేవు పెట్టె పాటలు ఆపి కబురు చెప్పింది. సోమవారం నుంచి మూఢం, రెండు నెలల దాకా మంచి రోజుల్లేవు, ఆదివారం అమావాస్య. కాబట్టి కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం రేపే, శనివారం ఉదయం పదీ నలభైకి దివ్యమైన ముహూర్తం.

ఆఖరి తడి దుప్పటిని తాడు మీద వేయకుండానే బకెట్లో పడేశాను. ఈ రోజుల్లో ఎగిరే బుట్టలు సరుకులు తెచ్చి గుమ్మంలో పెడతాయి, పట్టీలు ఒంట్లో సంగతులన్నీ చెబుతాయి, మూఢం మాత్రం ఎక్కడికీ పోలేదు.

డాక్టరమ్మ తల పట్టుకున్నారు. “రెండో మాత్ర ముందే ఇవ్వచ్చు. ఇంకో పిల్లయితే ఇచ్చేదాన్ని. ఈ గుండెతో తొందరపడితే ఏమవుతుందో చెప్పలేను. ఇచ్చినా పదీ నలభైకి పని సగంలో ఉంటుంది. సగంలో ఆపమంటారు. ఆపితే ఈ పిల్ల దక్కదు, ఆపకపోతే వాళ్లు లాంచీని పట్టుకుపోతారు. ఇంకో పిల్లకు ఇక ఎక్కడా చోటుండదు.”

ఇవాళ దాటకూడదు. రేపు దాటలేం. ఎన్నిసార్లు తిప్పి చూసినా అంతే.

లోవరాణి మాకే ధైర్యం చెప్పింది. “ఏడవకండి డాక్టరమ్మగారూ. మీ కళ్లద్దాలు మసకేత్తే రేపు సూదెక్కడ గుచ్చుతారో ఏటో.” ఆ పిల్ల నవ్వుతూనే ఉంది కానీ నా చెయ్యి వదల్లేదు. ఇంటికెళ్లి కూతుళ్లను చూసొస్తానంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుందని డాక్టరమ్మ పంపలేదు. పిల్లలనే ధనకొండ రేవుకు తీసుకొచ్చింది. పెద్దది అమ్మకు జడేసింది. చిన్నది పసుపు పట్టీని చూసి, నాకూ అలాంటిది కావాలని పేచీ పెట్టింది.

పిల్లలను పంపించాక ధనకొండ నా దగ్గరకొచ్చి కూర్చుంది. కండువా లేదు.

“సరంగమ్మా, సరిహద్దెక్కడో ఎవరు సెప్తారు? నువ్వేనా?”

“నది చెబుతుంది. నేను రాస్తాను.”

“నువ్వు ఒక గీత అటు రాత్తే?”

నాకు ఒళ్లు మండింది. “ఇరవై మూడేళ్లలో ఒక్క అబద్ధం రాయలేదు. సొంత చెల్లెలు అడిగినా రాయను. ఒక్కసారి దొంగ లోతు రాశానంటే ఈ పుస్తకం చిత్తుకాగితం. రేపు ఎవడైనా వచ్చి పడమటి గట్టూ మాదే అని రాయించుకుంటాడు.”

“అబద్ధం రాయమన్నానేటి?” అంది. ఇంకా ఏదో చెప్పబోయింది. చెప్పకుండా లేచి వెళ్లిపోయింది. ఆవిడను కసురుకున్నందుకు నాకు అన్నం సహించలేదు. లోపల ఆ పిల్ల ఉంటే నేను నియమాలు వల్లించాను. రాయకూడదు, రాయను, అయినా ఈ చేతులు నరుక్కోవాలనిపించింది.

పుట 215. శనివారం
పడమటి పాయ: మూడు బారలకు ఆరు వేళ్లు తక్కువ.
తూర్పు పాయ: అయిదు బారల మీద మూర. సాక్షి: ధనకొండ వేలిముద్ర.

పైన రాసింది సరిగ్గానే రాశాను. ఎలా జరిగిందో కింద రాస్తున్నాను.

తెల్లగా తెల్లారాక పలకలు కడుగుతుంటే ధనకొండ తన నావ తెచ్చి లాంచీకి ఆనించింది.

“తాడు తియ్యి. తూర్పు పాయకెల్దాం.”

“అక్కడేముంది? గేదెలు నడిచే చోటు.”

“ఎప్పుడు సూసేవు నువ్వు గేదెల్ని?”

నేను సరంగునైనప్పుడు పాత సరంగు పుస్తకం అప్పగిస్తూ, తూర్పు పాయ కొలవక్కర్లేదు, మోకాలిబంటి అని రాసెయ్ అన్నాడు. అప్పుడది నిజమే. మా రేవు పడమటి పక్కన. అటువైపు బురద, ముళ్లు, నా మోకాళ్ల నొప్పి. సరుకులు బుట్టల్లో ఎగిరొస్తాయి. ఆఖరుసారి ఎప్పుడు వెళ్లానో గుర్తు చేసుకుంటే రెండేళ్లు దాటింది.

నావలో లంక కొన చుట్టి వెళ్లాం. ఆవిడే తెడ్డు వేసింది. పాయ మధ్యలో నీళ్లు నల్లగా, నున్నగా, చడీచప్పుడు లేకుండా పోతున్నాయి. అది లోతు నీళ్ల నడక. తాడు వేయకముందే నాకు తెలిసిపోయింది. ధనకొండ తాడు మొదలు పట్టుకుంది, నేను గుండు వదిలాను. ఒక ముడి. రెండు. మూడు. నాలుగు. అయిదో ముడి తడిసి, ఆపైన మూరెడు తాడు పోయాక గుండు నేలకు తగిలింది. మూడుసార్లు వేశాను. మూడుసార్లూ అంతే.

పడమటి పాయ నీళ్లు ఎక్కడికి పోతున్నాయో అప్పుడు కనిపించింది. ఒక్క అబద్ధం రాయలేదని ఎగిరిపడ్డ దాన్ని, రోజూ పొద్దున్నే మోకాలిబంటి అని రాస్తూ వచ్చాను. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

“ఎప్పట్నించి?” అన్నాను.

“భాద్రపదం వరదకే తిరిగిపోయింది. వల అడుగు తగల్దు, అందుకే కింద ఇంకోటి కుట్టేను. గేదెల్ని లంకలోనే మేపుతన్నారు. లంకంతటికీ తెలుసు. నీకే తెలీదు.”

“ఒక్కరూ చెప్పలేదే!”

“సెప్పకూడదనుకున్నాం. సెప్తే లంక పడమటోల్లకి పోద్ది. మనకేసి ఎప్పుడూ సూడని ఆల్లు గట్టెందుకు కడతారు? నువ్వు రోజూ మోకాలిబంటని రాసుకుంటంటే మాకెంత నిబ్బరంగా ఉండేదో!”

ఏడవాలో నవ్వాలో తెలీక తెడ్డు మీద తల ఆనించాను. తిట్టాను కూడా. ఇరవై ఏళ్ల స్నేహం ఇదేనా అన్నాను. ఆవిడ అన్నీ పడింది.

తరవాత సరంగుగా చెప్పాల్సింది చెప్పాను. సాక్షికి సంగతంతా తెలియాలని నియమం. “ధనకొండా, నువ్వు వేలిముద్ర వేస్తే పదీ నలభైకి ముందే లంక పడమటిగట్టు అవుతుంది. మన లాంచీ కదలకుండానే అక్కడుంటుంది. అక్కడ ఇది నేరం కాదు, లోవరాణికి పని అవుతుంది. కానీ నీ ఓటు తూర్పులో ఉండదు. మూడో హామీ నీది కాదు. గట్టు రాదు.”

“తెలుసు.”

“ఇరవై రెండేళ్లు తిరిగావు.”

“తిరిగేను. రాత్రంతా లెక్కేసుకున్నాన్లే, నువ్వు మళ్లీ లెక్కెట్టకు. పుస్తకం ఇలా తే.”

పుట మీద వేలిముద్ర వేసింది. చెయ్యి తడిగా ఉండి మొదటిది చెరిగిపోతే, చీరకు తుడుచుకుని రెండోసారి గట్టిగా నొక్కింది. ఆ మొఖంలోకి నేను చూడలేకపోయాను. నావలో తిరిగొస్తూ ఆవిడ వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

ఎనిమిదీ పదికి పుట రేవు పెట్టెకు చూపించాను. అలవాటు లేని అంకె కాబట్టి అది రెండుసార్లు అడిగింది. అవును, కొలిచాను, సాక్షి ఉంది అన్నాను. పెట్టె చాలాసేపు ఏమీ అనలేదు. తొమ్మిదిన్నర అయింది. పది అయింది. డాక్టరమ్మ లోవరాణి నాడి పట్టుకుని కూర్చున్నారు, ధనకొండ గుమ్మంలో. పదింబావుకు పెట్టెలో సన్నాయి మొదలైంది. ముఖ్యమంత్రి వేదిక ఎక్కుతున్నాడు.

పదీ ఇరవై ఎనిమిదికి లోవరాణి చేతి మీద పట్టీ ఆరిపోయింది. మళ్లీ వెలిగింది. మూలన ఎప్పుడూ ఉండే తూర్పుగట్టు ముద్ర తాటిచెట్టు లేదు, పడమటిగట్టు కొంగ ఉంది. పదీ నలభై వచ్చింది, పోయింది. తూర్పున ఎవరెవరి పట్టీలు కేకలు పెట్టాయో నాకు తెలీదు. ఈ పట్టీ మాత్రం పసుపుగానే ఉండి ఊరుకుంది.

“అత్తా, కొంగొచ్చింది!” అంది లోవరాణి చిన్నపిల్లలా. డాక్టరమ్మ నన్ను పట్టుకుని ఏడ్చేశారు. కళ్లద్దాలు నిజంగానే మసకేశాయి.

లంకలో అందరి పట్టీల మీదా కొంగ వాలింది. అరగంటలో నలభై మంది రేవులో ఉన్నారు. తిట్లు నేను రాయను. “గట్టు నీళ్లల్లో కలిపేవే ధనకొండా! మా పిల్లలు కొట్టుకుపోతే ఎవరిది బాజ్జెత?” అని ఒకావిడ గుండె బాదుకుంది. ఆవిడ అడిగినదీ అన్యాయం కాదు.

ధనకొండ లాంచీ అంచున నిలబడి అంతా విన్నది. అందరూ అలిసిపోయాక చెప్పింది.

“గట్టుని మళ్లీ అడుగుతాను. పడమటోల్లనీ అడుగుతాను, ఆల్ల బాబునీ అడుగుతాను. ఈ పిల్ల పోతే దీన్ని మళ్లీ ఎవర్నడగను?”

కొందరు వెళ్లిపోయారు. గుండె బాదుకున్న ఆవిడ అక్కడే చాలాసేపు నిలబడి, మధ్యాహ్నం ఒక గిన్నెతో గంజి పంపించింది.

పుట 216. ఆదివారం
పడమటి పాయ: మూడు బారలకు ఆరు వేళ్లు తక్కువ. తూర్పు పాయ: అయిదు బారల మీద మూర. రెండూ నేనే కొలిచాను. సాక్షి: ధనకొండ.

తొమ్మిదింటికి రెండో మాత్ర. మధ్యాహ్నం ఒంటిగంటకు లోవరాణి గుండె ఒకసారి పరుగెత్తింది, డాక్టరమ్మ సూదిమందుతో దాన్ని దారికి తెచ్చారు. ఆ పావుగంటలో ధనకొండ నా చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. నాలుగింటికి అంతా అయిపోయింది. రక్తం ఆగింది. లోవరాణి కాసేపు గోడవైపు తిరిగి ఏడ్చింది, అత్త ఆ పిల్ల పాదాలు ఒత్తింది. తరవాత చేపల పులుసు కావాలంది. నా పొయ్యి ధనకొండకు నేనే వెలిగించి ఇచ్చాను.

పొద్దు వాలుతుండగా గుమ్మంలో కూర్చున్నాం. ఆవిడ ఒళ్లో వల ఉంది.

“పడమటోల్లకి ఓట్లెప్పుడు?”

“మాఘంలో.”

“ఆల్ల కాయితం తెప్పించు. ఈసారి ముప్పయ్యొకటోది ముందు సదువుతాను.” నదికేసి చూసింది. “ఇది మళ్లీ ఇటు తిరిగితే?”

“తిరగొచ్చు. ఇంకో వరదకే తిరగొచ్చు.”

“లోపల ఇలాంటి పిల్ల ఇంకొకత్తి ఉంటే?”

అడుగుతుందని తెలుసు. పొద్దుటినుంచీ నన్ను నేను అదే అడుగుతున్నాను.

“రాస్తాను. అప్పుడూ కొలిచిందే రాస్తాను,” అన్నాను.

ధనకొండ సూదిలో దారం ఎక్కించింది, ముడి వేసింది, పళ్లతో కొరికింది.

“అయితే ఆ రోజూ నన్నే పిలు. నీతో పాటు తాడు నేను పడతాను. ఒక్కదానివీ పట్టుకోకు.”

సాక్షి పేరు ముందుగా రాయకూడదని నియమం. రేపటి పుట తీసి సాక్షి గడిలో ఆవిడ పేరు రాసి పెట్టాను.